ముందుగా ముగించినవాడికి మరో పది లెక్కలా?

చాలా ఏళ్ళ క్రితం నేను లెక్కలు చెప్పిన తొమ్మిదో తరగతిలో ఒక కుర్రవాడుండేవాడు. నల్లబల్ల మీద లెక్క రాసి, చేతికంటిన సుద్ద దులుపుకునేలోగా జవాబు చెప్పేవాడు. అందుకు నేనిచ్చిన బహుమానం అదే రకం లెక్కలు మరో పది! కొన్నాళ్ళకు అతడు చేయెత్తడం మానేశాడు. ఒకరోజు దగ్గరికి వెళ్ళి చూస్తే, ఎప్పుడో పూర్తయిన లెక్కను అరచేత్తో కప్పుకుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. త్వరగా చెయ్యడం శిక్షార్హమని అతడికి నేర్పింది నేనే. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

లెక్కల సంఖ్య పెంచితే చాకిరీ పెరుగుతుంది, ఆలోచన పెరగదు. ఈ విషయంలో మనకు దారి చూపగల విద్య మన ఇంట్లోనే ఉంది, అవధానం. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అవధానిని మరో నాలుగు పద్యాలు చెప్పమని అడగడు. ఒక్క పద్యంలోనే, రాబోయే అక్షరాన్ని ఊహించి నిషేధిస్తాడు. అలవాటైన దారి మూసుకుపోయాక అవధాని కొత్తదారి వెతుక్కోక తప్పదు.

తరగతిలోనూ ఇది చెయ్యవచ్చు. కోళ్ళూ మేకలూ కలిపి తలలు 20, కాళ్ళు 56. మేకలెన్ని? చురుకైనవాడు వెంటనే ఎక్స్, వై అంటాడు. 'అవి నిషిద్ధం' అనండి. కాసేపటికి మేకలన్నిటి చేతా ముందుకాళ్ళు పైకెత్తిస్తాడు! నేల మీద 40 కాళ్ళుంటాయి, గాలిలో 16. అంటే మేకలు 8. సమీకరణం లోపల ఏం జరుగుతోందో అప్పుడు కంటికి కనిపిస్తుంది.

మరొకటి, తొందరపాటు తీర్పుకు పరీక్ష. ఆయిలర్ పేరుతో ప్రసిద్ధమైన సూత్రం ఒకటుంది. ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్యనూ, 41నీ కలపాలి. 0 నుంచి 39 దాకా ఏ సంఖ్య తీసుకున్నా ప్రధానసంఖ్యే వస్తుంది. పది సరిచూసి 'ఎప్పుడూ ఇంతే' అంటాడు మన చురుకైనవాడు. 40 దగ్గర 1681 వస్తుంది. అది 41ని 41తో గుణిస్తే వచ్చేదే. 'సరిగ్గా అక్కడే ఎందుకు తప్పింది?' అని అడిగి, ఉపాధ్యాయుడు మౌనం వహించాలి. ఆ మౌనమే కష్టం.

జార్జ్ పోల్యా 1945లో వెలువడిన తన పుస్తకంలో లెక్క సాధించడాన్ని నాలుగు అంచెలుగా చెప్పి, వెనుదిరిగి చూడడాన్ని చివరి అంచెగా పెట్టాడు. జవాబు రాగానే లెక్క అయిపోయిందనుకునే మన తరగతుల్లో ఆ అంచె కనిపించదు. ఆరో తరగతినుంచే ఐఐటీ ఫౌండేషన్ పేరిట జరిగేది చాలావరకు పై తరగతి పాఠాల్ని కిందికి లాగడమే. ముందు చదవడమూ, లోతుగా చదవడమూ ఒకటి కావు.

అరవైమంది ఉన్న తరగతిలో ఇదంతా సాధ్యమా అంటారేమో. నల్లబల్ల మూలన వారానికొక్క ప్రశ్న చాలు, అందరికీ కనిపించేలా. మేకల కాళ్ళెత్తించే ఉపాయం ఒక్కోసారి వెనుక బల్లవాడికే ముందు తడుతుంది. చురుకైనవాడికి అదీ ఒక పాఠమే.

ఆ కుర్రవాడు తరవాత ఏమయ్యాడో నాకు తెలియదు. కప్పిన ఆ అరచేయి మాత్రం గుర్తుంది. మీ బళ్ళో ముందుగా ముగించినవాళ్ళకు ఏమిచ్చేవారు?