ఆడపిల్లల ఆటకు జీతం ఏదీ?

"ఆడి ఏం సాధిస్తావే, ఆట అన్నం పెడుతుందా?" మన ఇళ్ళలో ఈ మాట అనని తల్లి అరుదు. ఆ తల్లిని వెనకబడిన మనిషి అని తప్పుపట్టే వ్యాసాలు చాలా వచ్చాయి. నేను మాత్రం ఆ తల్లి వైపే. కూలికి పోయి బిడ్డను హాస్టల్లో చేర్చిన మనిషికి ఆ ప్రశ్న అడిగే హక్కు ఉంది. జవాబు చెప్పవలసింది ఆటను నడిపే పెద్దలు.

ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే ఇటలీలో కూడా నిన్న మొన్నటిదాకా ఈ జవాబు లేదంటే నమ్ముతారా? ఏది ప్రొఫెషనల్ ఆటో తేల్చే పనిని అక్కడి 1981 చట్టం ఆయా ఫెడరేషన్లకు వదిలేసింది. ఫుట్‌బాల్ ఫెడరేషన్ మగవాళ్ళ లీగులకు ఆ హోదా ఇచ్చి ఆడవాళ్ళను పక్కన పెట్టింది. యువెంటస్ క్లబ్బు 2017లో మహిళల జట్టు పెట్టి, వరుసగా 5 సార్లు లీగ్ గెలిచింది. 2019 మార్చి 24న ట్యూరిన్‌లో ఫియొరెంటీనాతో ఆ జట్టు ఆడిన మ్యాచ్‌కు 39,027 మంది వచ్చారు. టికెట్టు ఉచితమే అనుకోండి, అయినా అంతమంది! అంత జనం మధ్య ఆడిన ఆ అమ్మాయిలు చట్టం లెక్కలో ఇంకా సరదాకి ఆడేవాళ్ళే. 2022 జులై 1 నుంచి గాని వాళ్ళు ప్రొఫెషనల్స్ కాలేదు. అప్పుడే నిఖార్సైన కాంట్రాక్టు, పింఛను, ప్రసూతి రక్షణ వచ్చాయి. గెలుపులు ముందే వచ్చాయి, కాగితం తర్వాత వచ్చింది.

ఇక మన సంగతి. నిజామాబాద్ జిల్లా గిరిజన బిడ్డ గుగులోత్ సౌమ్య పేరు మీలో ఎంతమందికి తెలుసు? క్రికెటర్ల పేర్లు పదకొండూ గుక్క తిప్పుకోకుండా చెబుతాం కదా! ఆమె కేరళ గోకులం జట్టుకు ఆడింది. 2022లో క్రొయేషియా వెళ్ళి దినామో జాగ్రెబ్ జట్టులో చేరింది. తర్వాత కోల్‌కతా ఈస్ట్ బెంగాల్‌కు వచ్చి 2024-25 ఇండియన్ ఉమెన్స్ లీగ్ గెలిచిన జట్టులో ఉంది. ఆ ఏడాది దేశంలో ఉత్తమ క్రీడాకారిణి అవార్డు ఆమెదే. సంతోషమే. కాని కేరళ, క్రొయేషియా, బెంగాల్... ఈ వరుసలో మన ఊరు ఏది? ఆ 2024-25 లీగ్‌లో ఆడిన 8 జట్లలో తెలుగు రాష్ట్రాల జట్టు ఒక్కటీ లేదు. 2022లో ఐఎస్‌ఎల్ గెలిచిన హైదరాబాద్ మగవాళ్ళ జట్టే 2025లో ఢిల్లీకి తరలిపోయింది, ఇక ఆడపిల్లల గోడు ఎవరికి పట్టింది?

ఇది ఫుట్‌బాల్ తెలియని ఊరు కాదు. మన సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1956, 1960 ఒలింపిక్స్ ఆడాడు, 1962 ఏషియాడ్‌లో స్వర్ణం తెచ్చాడు. ఆ జట్లకు కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్. ఆయన తయారు చేసిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరుసగా 5 సార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఈ గొప్పలు ప్రతి సభలోనూ చెబుతారు, అసలు కీలకం మాత్రం చెప్పరు. అది పోలీసు జట్టు. పోలీసు, మిలిటరీ, రైల్వే జట్లలో ఆడినవాడికి నెల తిరిగేసరికి జీతం చేతికొచ్చేది. పేద ఇళ్ళ పిల్లలు బంతి వెనక పరుగెత్తగలిగింది అందుకే. బలరాం కూడా చివరికి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే జట్టుకే వెళ్ళాడు. ఆ దారి మగపిల్లలకు దొరికింది, ఆడపిల్లలకు ఎవరూ వేయలేదు. లీగ్ క్లబ్బులు కనీసం పదిమందితో ఏడాదికి 3.2 లక్షలకు తగ్గకుండా కాంట్రాక్టు రాయాలని 2023లో ఫెడరేషన్ నిర్ణయించింది. మంచిదే. కాని ఊళ్ళో క్లబ్బే లేకపోతే సంతకం ఎక్కడ పెట్టాలి?

మన హాస్టల్ లెక్కా చూద్దాం. 2024లో డైట్ చార్జీలు పెంచారు. 8 నుంచి 10వ తరగతి పిల్లలకు నెలకు 1,100 ఉన్నది 1,540 అయింది. అంటే రోజుకు 51 రూపాయలు. టిఫిను, రెండు పూటల భోజనం, గుడ్డు, పాలు అన్నీ అందులోనే. సాయంత్రం గంటన్నర పరుగెత్తే పిల్లకు ఇది చాలుతుందా అని వంటమనిషిని అడిగితే నవ్వుతుంది. ఇక గ్రౌండు ఉండదు, ఉన్నా చీకటి పడకముందే హాజరు పట్టీ. వార్డెన్ మేడమ్‌ల భయం నాకు అర్థమవుతుంది, ఏమైనా జరిగితే మెమో వచ్చేది వాళ్ళకే. అయినా 2014లో 13 ఏళ్ళ మాలావత్ పూర్ణను ఎవరెస్టు ఎక్కించింది సంక్షేమ గురుకులమే కదా! అక్కడ భయపడనిది గోల్‌పోస్టు దగ్గర భయమేమిటి?

ఇప్పుడు పూర్వ విద్యార్థులకు ఒక మాట. పోలీసులో, బ్యాంకుల్లో, టీచర్లుగా ఉన్న అన్నలూ అక్కలూ, ముఖ్యంగా రైల్వేలో ఉన్నవాళ్ళు! రైల్ నిలయం మన పక్కనే ఉంది. స్పోర్ట్స్ కోటాలో ఆడపిల్లల ఫుట్‌బాల్‌కు పోస్టులు అడగండి, యూనియన్ మీటింగుల్లో ఈ మాట ఎత్తండి. ప్రతి ఏడూ వార్షికోత్సవానికి ఫ్లెక్సీలకు, శాలువాలకు, మెమెంటోలకు చందా పోగేస్తాం. ఈసారి శాలువాలు మానేద్దాం. ఆ డబ్బుతో 15 జతల బూట్లు, ఆదివారం వచ్చే కోచ్‌కు దారి ఖర్చులు, మోకాలికి దెబ్బ తగిలితే ఆదుకోవడానికి బీమా. ముందు బీమా కట్టండి, బూట్లు తర్వాత కొనవచ్చు. మోకాలు పోయిన పిల్లను ఇంటికి పంపితే, మొదట చెప్పిన ఆ తల్లికి మన దగ్గర జవాబు ఉండదు.