రచయితకు లెక్క చెప్పాలి

హిందీ రచయిత వినోద్ కుమార్ శుక్ల్ నవల ‘దీవార్ మే ఏక్ ఖిడ్‌కీ రహతీ థీ’ 1999లోనే సాహిత్య అకాడెమీ పురస్కారం పొందింది. అయినా తన పుస్తకాలపై ఏళ్ల తరబడి అందుతున్న రాయల్టీ, అనగా ప్రతి అమ్మకంపైనా రచయితకు రావలసిన వాటా, నామమాత్రమేనని ఆయన 2022లో బహిరంగంగా చెప్పుకోవలసి వచ్చింది. ప్రచురణకర్తలు తమ వివరణ తాము ఇచ్చుకున్నారు. ఆ తరువాత అదే నవలను వేరొక సంస్థ ప్రచురించి, 2025లో కేవలం ఆరు నెలల అమ్మకాలకు దాదాపు 30 లక్షల రూపాయల రాయల్టీ ముట్టజెప్పింది. కొత్త పాఠకులు, కొత్త ప్రచారం ఇందుకు కలిసివచ్చిన మాట నిజమే అయినా, సాహిత్యం అమ్ముడుపోదన్న ఒక్క మాటతో రచయితల నోరు మూయించే అలవాటు ఇక చెల్లదని ఈ ఉదంతం తేల్చింది.

రచయితకు చట్టం అండ లేకపోలేదు. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదలాయింపు రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. ఏ రచన, ఏ హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతం, ఎంత రాయల్టీ అన్నవి అందులో ఉండాలి. గడువు రాయకపోతే ఆ బదలాయింపు ఐదేళ్లకే పరిమితమవుతుంది. సినిమాలలో వాడే సాహిత్య, సంగీత రచనలు థియేటర్ ప్రదర్శనకు వెలుపల ఇతర రూపాలలో ఆర్జించే రాయల్టీలో రచయితకు సమాన వాటా ఉండాలనీ, దానిని వదులుకుంటున్నట్టు రాయించుకున్నా చెల్లదనీ 2012 సవరణ స్పష్టం చేసింది.

తెలుగునాట మాత్రం వ్యవహారం చాలావరకు నోటిమాట మీదనే నడుస్తోంది. కథ వేసుకున్న పత్రిక పారితోషికం ఎంతో, ఎప్పుడిస్తుందో ముందుగా చెప్పడం అరుదు. అచ్చు ఖర్చు తానే భరించిన నవలాకారుడు ప్రతులను విక్రేతకు అప్పగించి, ఎన్ని అమ్ముడుపోయాయో, ఎన్ని మిగిలాయో తెలియక నెలల తరబడి ఫోన్లు చేస్తూ ఉంటాడు. అచ్చయిన వార్త పొడవును బట్టి డబ్బు పొందే మండల విలేకరికి, డెస్కులో వార్త కుదించినప్పుడల్లా రాబడి కూడా కుదించుకుపోతుంది. అతడు తిరిగిన దూరం, పెట్టిన పెట్రోలు ఏ లెక్కలోకీ రావు. సినిమా సంభాషణలు రాసిపెట్టి తెరమీద పేరుకైనా నోచుకోనివారి పరిస్థితి ఇంతకన్నా దయనీయం.

కాగితం ధర పెరిగిందనీ, ప్రకటనల రాబడి తగ్గిందనీ యాజమాన్యాలు చెప్పే ఇబ్బందులు అబద్ధాలు కావు. అయితే ఆ కారణం చూపి కాగితం వ్యాపారి బిల్లునో, ప్రెస్సు బిల్లునో ఎవరూ ఎగవేయరు. నష్టంలో మొదటి వాటా రచయిత నెత్తినే ఎందుకు పడాలన్న ప్రశ్నకు వారి వద్ద జవాబు లేదు.

కనుక చేయవలసినవి మూడు పనులు. ప్రతి రచనకూ, అది కథ అయినా అనువాదమైనా, రాతపూర్వక ఒప్పందం ఉండాలి. అచ్చు హక్కు ఇచ్చినంత మాత్రాన ఆడియో, ఈ-పుస్తక హక్కులు కూడా ఇచ్చినట్టు భావించరాదు. ప్రచురించిన 30 రోజులలోగా పారితోషికం చెల్లించాలి. ఈ నియమానికి దినపత్రికల ఆదివారం అనుబంధాలు సైతం మినహాయింపు కారాదు. అచ్చువేసిన, అమ్మిన, తిరిగివచ్చిన ప్రతుల వివరాలను ప్రచురణకర్త ఆరు నెలలకొకసారి రచయితకు పంపాలి.

వీటిని అమలు చేయించగల సాధనం ప్రభుత్వాల చేతిలోనే ఉంది. ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు వసూలు చేసే వ్యవస్థ తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ ఉంది. గ్రంథాలయాలకు పుస్తకాలు కొనేటప్పుడు రచయితతో చేసుకున్న ఒప్పందాన్నీ, రాయల్టీ చెల్లింపు రుజువునూ తప్పనిసరిగా అడగాలి. రచయితకు లెక్క చెప్పని ప్రచురణకర్త వద్ద ప్రజల సొమ్ముతో ఒక్క ప్రతి కూడా కొనకూడదు.