పోస్టర్ ఒక్కటే కాదు, దాని మూలం కూడా ఇవ్వండి

శనిగ్రహానికి ఎన్ని ఉపగ్రహాలు? 2019లో 82 అన్నారు. 2023 ఫిబ్రవరిలో గురుగ్రహం 92తో కొద్ది నెలలు ముందుకెళ్లింది. ఆ ఏడాది మధ్యకల్లా శని 146కు చేరింది. 2025 మార్చిలో ఒకేసారి మరో 128 కలిసి 274 అయ్యాయి. ఈ లెక్క ఇంకా పెరగొచ్చు కూడా. ఖగోళ శాస్త్రానికి ఇది మామూలే. చిక్కంతా మన పోస్టర్లతోనే.

సౌరకుటుంబం పోస్టర్ ఒకటి 12 భాషల్లో, ఒక్కో భాషలో మూడు సైజుల్లో తయారైందనుకుందాం. మొత్తం 36 ఫైళ్లు. పొరలన్నీ కలిపేసిన జేపెగ్‌గా అవి మన చేతికొస్తే, అందులో ‘82’ అనేది అంకె కాదు, కొన్ని రంగు చుక్కల గుంపు. దాన్ని చెరపాలి, వెనక నక్షత్రాల ఆకాశాన్ని పూడ్చాలి, కొత్త అంకె రాయాలి. అలా 36 సార్లు. నేను చూసినంతలో ఇంగ్లిషు పోస్టర్ త్వరగానే మారుతుంది. తెలుగు, ఒడియా, అస్సామీ పోస్టర్లు పాత లెక్కతోనే బడి గోడల మీద మిగిలిపోతాయి. క్విజ్‌లో పిల్లవాడు చెప్పేదీ ఆ పాత లెక్కే.

దీనికి మందు రెండు దశాబ్దాల కిందటే వచ్చింది. ఫొటోషాప్‌లో స్మార్ట్ ఆబ్జెక్ట్ అనే సదుపాయం 2005లో మొదలైంది. దాన్ని బయటి ఫైలుకు లింక్ చేసుకునే వీలు 2014లో చేరింది. మామూలు లేయర్‌లో బొమ్మే ఉంటుంది. లింక్ చేసిన లేయర్‌లో ఉండేది ఒక రకంగా ఆ బొమ్మ చిరునామా. లేయర్ మీద రెండుసార్లు నొక్కితే మూలం విడిగా తెరుచుకుంటుంది. దిద్ది, సేవ్ చేసి మూసేస్తే అదే పోస్టర్‌లో ఆ మూలాన్ని వాడుకున్న చోటల్లా మార్పు కనిపిస్తుంది. మిగతా పోస్టర్లను తెరిచినప్పుడు మూలం మారిందని లేయర్ పక్కన గుర్తు పడుతుంది. అప్‌డేట్ నొక్కితే చాలు.

భౌతికశాస్త్రం చదివినదాన్ని కాబట్టి నాకు ఇంకో సంగతి ముచ్చటగా అనిపిస్తుంది. 1000 బై 1000 పిక్సెళ్ల బొమ్మలో 10 లక్షల చుక్కలుంటాయి. దాన్ని 100 బై 100కు కుదిస్తే మిగిలేవి 10 వేలు. తిరిగి పెద్దది చేస్తే ఖాళీలను సాఫ్ట్‌వేర్ ఊహించి నింపుతుంది తప్ప పోయిన 99 శాతం తిరిగి రాదు. స్మార్ట్ ఆబ్జెక్ట్ అయితే ప్రతిసారీ అసలు బొమ్మ నుంచే మళ్లీ లెక్క కడుతుంది. కుదించి పెంచినా, తిప్పి మళ్లీ సరిచేసినా మూలం చెక్కుచెదరదు.

వాడే తీరు తెలియకపోతే మాత్రం ఇదే కొంప ముంచుతుంది. కంట్రోల్, జె నొక్కి తీసిన నకలు కూడా పాత మూలానికే అతుక్కుని ఉంటుంది. తెలుగు పోస్టర్‌లో పేరు మార్చబోయి ఎవరైనా మూలాన్నే దిద్దితే హిందీ పోస్టర్‌లోనూ తెలుగు ప్రత్యక్షమవుతుంది. విడి నకలు కావాలంటే ‘న్యూ స్మార్ట్ ఆబ్జెక్ట్ వయా కాపీ’ వాడాలి. అందుకే ఏది మూలంలో ఉండాలో, ఏది బయట ఉండాలో ముందే తేల్చుకోవాలి. గ్రహాల బొమ్మలు మూలంలోకి వెళ్లాలి. పేర్లు, వివరణలు ఆయా భాషల ఫైళ్లలో యూనికోడ్ అక్షరాలుగా, దిద్దుకునే వీలుతో ఉండాలి. వాటికి కాస్త చోటూ వదలాలి. వొత్తులు కిందికి వేలాడే లిపి మనది, ఇంగ్లిషు పేరుకు గీసిన పెట్టెలో ఇమడదు. ఉపగ్రహాల సంఖ్య సంగతి వేరు. 274 అనే అంకెలనే అన్ని భాషల్లో వాడేటట్లయితే దానికి విడిగా ఒక లింక్ లేయర్ సరిపోతుంది. ఒక్కచోట దిద్దితే పన్నెండు భాషలకూ పనికొస్తుంది.

ఫొటోషాప్ కొనాల్సిన పని కూడా లేదు. ఉచితంగా దొరికే క్రిటాలో ఫైల్ లేయర్ ఇలాంటి పనే చేస్తుంది. ఇంక్‌స్కేప్‌లో క్లోన్లున్నాయి, బయటి బొమ్మకు లింకూ ఇవ్వొచ్చు. ఫైలు ఇంకొకరికి పంపేటప్పుడు మాత్రం లింక్ చేసిన మూలాలన్నీ వెంట వెళ్లాలి. లేదంటే అవతలివాళ్లకు ‘ఫైలు దొరకలేదు’ అనే సందేశమే మిగులుతుంది. ఫొటోషాప్‌లో ‘ప్యాకేజ్’ ఆదేశం ఉన్నది ఇందుకే.

ఎంత లింక్ చేసినా జేపెగ్‌గా బయటికి తీశాక ఆ బంధం తెగిపోతుంది. వాట్సాప్‌లో తిరిగే బొమ్మను ఏ అప్‌డేటూ మార్చలేదు. కాబట్టి ప్రతి పోస్టర్ అడుగున ‘2025 మార్చి నాటి లెక్క’ లాంటి చిన్న మాట ఉండాలి. ఆ తేదీని కూడా లింక్ లేయర్‌గా పెట్టుకోవచ్చు.

ప్రజాధనంతో నడిచే సైన్స్ సంస్థలను నేను అడిగేది ఇదే: పోస్టర్‌తో పాటు దాని మూలం ఫోల్డరూ అందుబాటులో ఉంచండి. ఎవరైనా తప్పుగా మార్చేస్తారన్న భయం విన్నాను. జేపెగ్‌ను మార్చేవాళ్లు ఇప్పుడూ మారుస్తూనే ఉన్నారు, వాళ్లను మూలం దాచి ఆపలేం. అధికారిక ప్రతి మీ వెబ్‌సైట్‌లో ఎలాగూ ఉంటుంది. మూలం లేక ఆగిపోయేది నిజంగా సరిదిద్దాలనుకునే జిల్లా సైన్స్ టీచరు, సంతాలీలోకో గోండీలోకో పోస్టర్ తెచ్చుకోవాలనుకునే చిన్న బృందం. వచ్చే పోస్టర్ టెండర్‌లో ‘లేయర్లతో కూడిన మూలం ఫైళ్లు, లింక్‌లతో సహా అప్పగించాలి’ అని ఒక్క వాక్యం చేర్చడానికి పెద్ద ఖర్చేమీ ఉండదు.