మృగశిర ఒక్కరోజుతో సరిపెట్టొద్దు

జూన్ 8 తెల్లవారిందంటే కరీంనగర్ చేపల మార్కెట్‌లో కాలు పెట్టే సందుండదు. మృగశిర కార్తె మొదలయ్యే రోజులవి. ఎండాకాలం పోయి వానాకాలం దిగేటప్పుడు ఒంట్లో వేడి నిలవాలంటే చేప ముక్క నోట్లో పడాలన్నది ఉత్తర తెలంగాణలో తాతల నాటి పట్టింపు. చేప ముట్టనివాళ్లు ఇంగువను బెల్లంలో పెట్టుకుని మింగుతారు. జగిత్యాల, పెద్దపల్లి, మంచిర్యాల, నిర్మల్... ఎక్కడ చూసినా అదే రద్దీ. ధర ఎంత చెప్పినా ఆ పూట గట్టిగా బేరమాడేవాళ్లు తక్కువ.

మర్నాటి నుంచి వంటిళ్లలో మళ్లీ కోడికూరే. ఆదివారం వస్తే చికెన్, చుట్టాలొస్తే మటన్. చేప సంగతి మళ్లీ ఊరి చెరువు పట్టినప్పుడో, డ్యాం దాకా షికారు పోయినప్పుడో గుర్తొస్తుంది. ఈ అలవాటు మారాలి. ఏడాదికోసారి తినే పండుగ కూరగా ఉన్న చేప, వారం వారం వండుకునే మామూలు కూర కావాలి. అందుకు ఈ జిల్లాల్లో నీళ్లున్నాయి, చేపలున్నాయి. కొరవడిందల్లా మంచి చేపను ఎంచడం, కడగడం, వండడం, ముల్లు తీసి తినడం అనే పాత నేర్పు.

మృగశిర నాటి పట్టింపు ఊరికే పుట్టింది కాదు. వేసవి చివరికి చెరువులు అడుగంటేవి. మిగిలిన చేపంతా మడుగుల్లో చిక్కేది. ఊరంతా కలిసి పట్టుకునేది, కలిసి పంచుకునేది. ఆ కాలానికి అది సరైన పద్ధతే. ఇప్పుడు నీళ్ల లెక్క వేరు. కరీంనగర్‌ను ఆనుకునే 24 టీఎంసీల లోయర్ మానేరు ఉంది. పైన మధ్య మానేరు, గోదావరి మీద 20 టీఎంసీల ఎల్లంపల్లి, ఇంకా పైకి పోతే శ్రీరాంసాగర్, నిర్మల్ వైపు కడెం. 2015లో మిషన్ కాకతీయ కింద ఊరి చెరువుల పూడిక తీత మొదలైంది. 2016 నుంచి ప్రభుత్వం మత్స్య సహకార సంఘాలకు చేప పిల్లలను ఉచితంగా ఇస్తూ వచ్చింది. ఏడాదిలో కొన్నాళ్లే నీళ్లుండే చెరువులకు 35-40 మిల్లీమీటర్ల పిల్లలు, జలాశయాలకు 80-100 మిల్లీమీటర్ల పిల్లలు. బొచ్చె, రవ్వ, మ్రిగాల, బంగారుతీగ. ముదిరాజ్, గంగపుత్ర, బెస్త కుటుంబాల చేతికి పని దొరికింది. అదే ఏడాది కొర్రమీనును రాష్ట్ర చేపగా కూడా ప్రకటించారు.

ఆచారం అడ్డొస్తుందా అంటే అదీ లేదు. 2014 నాటి శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వేలో తెలంగాణలో మాంసాహారం తినేవాళ్లు దాదాపు 99 శాతమని తేలింది. దేశంలో అన్ని రాష్ట్రాలకన్నా ఇదే ఎక్కువ. అంతమంది తినే చోట చేప ఎందుకు వెనకబడిందని అడిగితే, జవాబు వంటింట్లోనే దొరుకుతుంది.

"ముళ్లుంటయ్, పిల్లలు తినరు." "ఇల్లంతా నీసు వాసన." "కడిగేసరికే పొద్దు పోతది." మూడు మాటలూ తరచూ వినబడేవే. మూడింట్లోనూ నిజముంది. కోడిని దుకాణంలోనే ముక్కలు కొట్టిస్తారు, ఇంటికొచ్చి కడిగి పొయ్యి మీద పెడితే చాలు. చేపకు కాస్త తెలివిడి కావాలి. అయితే ఆ తెలివిడి నాలుగైదు సార్లు వండితే వచ్చేసేదే.

ముందు వాసన సంగతి. సముద్రపు చేప వాసన వేరు, చెరువు చేప వాసన వేరు. చెరువు చేపలో వచ్చే మట్టి వాసనకు జియోస్మిన్ అనే పదార్థం కారణం. నీటిలో, అడుగు బురదలో పెరిగే కొన్ని సూక్ష్మజీవులు దాన్ని తయారు చేస్తాయి. చేప చర్మంలో, కొవ్వులో అది చేరుతుంది. పులుపు తగిలితే జియోస్మిన్ విరిగిపోతుంది. ఈ రసాయన శాస్త్రం తెలియకపోయినా తెలంగాణ ఆడవాళ్లు చేపకు చింతపండును జతచేశారు. ఉప్పు, పసుపు, నిమ్మరసం పట్టించి పావుగంట ఉంచి కడగమని చెప్పే అత్తమ్మల మాట వెనక ఉన్నదీ అదే. కొర్రమీనుకైతే ఒంటి మీది జిగట పోయేదాకా రాళ్ల ఉప్పేసి గట్టిగా రుద్దాలి. మొప్పలు, కడుపులోని నల్లటి పొర మిగలకుండా తీయాలి. పేగుల పక్కనుండే పచ్చటి పిత్తం తిత్తి పగిలిందంటే కూరంతా చేదెక్కుతుంది. కోసేవాళ్లు అక్కడ తొందరపడకుండా కొనేవాళ్లు పక్కన నిలబడి చూసుకోవాలి.

కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూడటం మొదటి పరీక్ష. ఎర్రగా ఉంటే తాజాది, గోధుమ రంగుకు తిరిగితే వదిలేయాలి. కన్ను ఉబ్బి మెరుస్తూ ఉండాలి, లోపలికి పీక్కుపోకూడదు. వేలితో నొక్కితే గుంట నిలవకూడదు. కైకలూరు, ఆకివీడు వైపు నుంచి ఐస్ పెట్టెల్లో వచ్చే చేప తప్పనిసరిగా పాడైందనుకోనక్కర్లేదు. ఐస్ సరిగా వేసి తెస్తే అది బాగానే ఉంటుంది. నీడ, ఐస్ లేకుండా రోడ్డు పక్కన మధ్యాహ్నం దాకా ఎండలో పడివున్న ఊరి చేప కన్నా నయం కూడా.

పులుసు చాలామంది అనుకునేంత కష్టం కాదు. ఉల్లిగడ్డలను సెగ మీద కాల్చి, వేయించిన ధనియాలు, కొన్ని మెంతులు, ఎండు కొబ్బరితో కలిపి నూరుకుంటారు. పల్లి నూనెలో అల్లం వెల్లుల్లి, కారం, ఈ ముద్ద వేసి నూనె తేలేదాకా వేయించి, చింతపండు పులుసు పోస్తారు. పులుసు బాగా మరిగి చిక్కబడ్డాకే ముక్కలు దింపాలి. కొత్తగా వండేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. మటన్‌కు అలవాటు పడిన చేయి ముక్కను అరగంట ఉడికిస్తుంది, గంటె పెట్టి తిప్పుతుంది. చేప కండను పట్టి ఉంచే పీచు చాలా పలుచన, కాస్త వేడికే కరిగిపోతుంది. సన్న సెగ మీద పది నిమిషాలు చాలు. గంటె పెట్టకుండా గిన్నెను రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తిప్పితే ముక్క చెదరదు. రాత్రి వండిన పులుసు పొద్దున ఇంకా బాగుంటుందంటే, ముక్కకు పులుపూ ఉప్పూ పట్టే వ్యవధి దొరికిందన్నమాట. వేసవిలో మాత్రం ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి.

ముల్లు సంగతికొస్తే, అన్ని ముక్కలూ ఒకటి కావు. బొచ్చె, రవ్వ జాతుల్లో కండ మధ్య వై ఆకారంలో సన్న ముళ్లుంటాయి. అవి వీపు వైపు, తోక వైపు ఎక్కువ. పొట్ట ముక్కలో ఉండేవి పక్కటెముకలే, పెద్దవి, చేతికి తెలిసిపోతాయి. పిల్లలకు పొట్ట ముక్క పెట్టి, అన్నంలో కలపకముందే వేళ్లతో విప్పి చూపిస్తే ఐదారేళ్లకే నేర్చుకుంటారు. కొర్రమీనులో ఆ సన్న ముళ్ల బెడద లేదు, అందుకే ముసలివాళ్లకూ పసివాళ్లకూ అది పెడతారు, అందుకే దాని ధర కూడా ఎక్కువ. గాలి పీల్చి బతకగలిగే చేప కాబట్టి తొట్లలో బతికుండగానే అమ్ముతారు.

ఇంత కష్టం ఎందుకంటే, పళ్లెం చూస్తే తెలుస్తుంది. ఈ జిల్లాల్లో రెండు పూటలా వరి అన్నమే. కూర దానికి తోడు మాత్రమే. 2025లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం భారతీయులు తీసుకునే కేలరీల్లో దాదాపు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి. అందులో కొంత భాగానికి బదులు పప్పు, పాలు, గుడ్డు, చేపల నుంచి మాంసకృత్తులు తీసుకుంటే మధుమేహం ముప్పు తగ్గే వీలుందని కూడా అదే అధ్యయనం చెప్పింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2011 నాటి మార్గదర్శకాల్లోనే వారానికి 100 నుంచి 200 గ్రాములకు తగ్గకుండా చేప తినమని, మాంసం కన్నా దానికే మొగ్గు చూపమని రాసింది. రవ్వ, బొచ్చె 100 గ్రాముల్లో ఇంచుమించు 17 నుంచి 20 గ్రాముల మాంసకృత్తులుంటాయి. కొవ్వు తక్కువ, బి12 విటమిన్ ఉంటుంది. ఒమేగా-3 మాత్రం కవళ్లు, కానాగంతల వంటి సముద్రపు చేపల్లో ఉన్నంతగా చెరువు చేపల్లో ఉండదు. ఆ మాట దాచనక్కర్లేదు. అన్నం కాస్త తగ్గించి ఈ ముక్క రెండు ఎక్కువ వేసుకున్నా మేలే.

అయితే లోయర్ మానేరు కట్ట దగ్గరో, శ్రీరాంసాగర్ ఉన్న పోచంపాడు దగ్గరో తినే ఫ్రైని ఆరోగ్యం ఖాతాలో వేసుకోకూడదు. అది రుచి, సరదా. పొద్దుటి నుంచి అదే నూనె మరిగి మరిగి నల్లబడితే చేపలోని మేలు ఆ మూకుడులోనే పోతుంది. ఇంట్లో పెనం మీద రెండు చెంచాల నూనెతో కాల్చుకుంటే అదే కారం, అదే రుచి.

చేపను రోజువారీ కూరగా వండుకునేవాళ్లను చూడటానికి కలకత్తా దాకా పోనక్కర్లేదు. పాత ఆదిలాబాద్ జిల్లాలోనే, కాగజ్‌నగర్ దగ్గర ఈస్‌గాం, నజ్రుల్‌నగర్ ప్రాంతాల్లో బెంగాలీ కుటుంబాలున్నాయి. తూర్పు పాకిస్తాన్ నుంచి కాందిశీకులుగా వచ్చినవాళ్లకు ప్రభుత్వం అక్కడ భూములిచ్చి ఊళ్లు కట్టించింది. బెంగాలీ వంటలో చేప చుట్టాల కోసం ఆగదు. ఉప్పు, పసుపు పట్టించి, ఆవనూనెలో పైపైన వేయించి, ఆలుగడ్డో వంకాయో వేసి పలుచని రసంలో మరిగిస్తారు. మసాలా నూరేది లేదు, అరగంటలో వంట అయిపోతుంది. తలకాయను పారేయకుండా పెసరపప్పులో వేస్తారు. ఉత్తర తెలంగాణ ఇళ్లు ఈ పొరుగువాళ్ల నుంచి నేర్చుకోవలసిన పద్ధతి ఇదే. పులుసుకు ఆదివారం కావాలి. పలుచని చేపల చారుకు బుధవారం సాయంత్రం చాలు.

చిన్న చేపల సంగతి ఇంకా ముఖ్యం. మత్తడి దుంకినప్పుడు కింద వలకు చిక్కే పరకలను ఒకప్పుడు పళ్లేలకొద్దీ వండుకునేవాళ్లు, మిగిలినవి ఎండబెట్టుకునేవాళ్లు. ఇప్పుడు కిలో పైబడిన చేపకే గౌరవం. చేపల పెంపకంలో కూడా వాటిని కలుపు చేపలుగా లెక్కగట్టి, పిల్లలను వదిలేముందు ఇప్ప చెక్క వేసి చంపడం పద్ధతిగా చెబుతూ వచ్చారు. బంగ్లాదేశ్‌లో దీన్ని తిరగరాసింది శకుంతల హరక్‌సింగ్ థిల్‌స్టెడ్. ట్రినిడాడ్‌లో భారత సంతతి కుటుంబంలో పుట్టిన పోషకాహార శాస్త్రవేత్త ఆమె. తల, కళ్లు, ముల్లుతో సహా తినే మోలా అనే చిన్న చేపలో ఎ విటమిన్, క్యాల్షియం, ఇనుము, జింక్ ఎంత దట్టంగా ఉంటాయో లెక్కలతో చూపించారు. బొచ్చె, రవ్వలతో పాటు అదే చెరువులో మోలాను పెంచవచ్చని, పెద్ద చేపను అమ్ముకుని చిన్న చేపను ఇంట్లో పిల్లలకూ తల్లులకూ వండుకోవచ్చని ఆచరణలో నిరూపించారు. 2021లో ఆమెకు ప్రపంచ ఆహార బహుమతి దక్కింది. ప్రాణహిత, పెన్‌గంగ నదుల ఒడ్డున, కడెం వాగు ఒడ్డున ఉన్న ఆదివాసీ గూడేల్లో పిల్లలకు అందవలసిన పోషకాలు ఇవే. మత్స్యశాఖ చెరువుకెన్ని లక్షల పిల్లలు వదిలిందో లెక్క చెబుతుంది. ఆ చెరువు ఒడ్డున ఉన్న ఇంట్లో వారానికెన్నిసార్లు చేప వండారో కూడా లెక్క తీయాలి.

పట్టణాల్లో చేయవలసింది ఇంకొంత ఉంది. కత్తిపీట ముందు కూర్చుని పొద్దంతా చేపలు కోసే ఆడవాళ్లకు చాలా చోట్ల నీడ లేదు, కుళాయి లేదు. కోసిన చెత్త పక్కనే కుప్పపడి ఉంటుంది. ఆ వాసన చూసి వెనక్కి తిరిగిపోయే కుటుంబాన్ని తప్పుపట్టలేం. ప్రతి మున్సిపాలిటీలో ధారగా నీళ్లొచ్చే కోత గద్దెలు, ఐస్, చెత్త ఎత్తే బండి ఉంటే సగం భయం పోతుంది. దేశంలో ఎప్పటినుంచో నిషేధం ఉన్న ఆఫ్రికన్ మార్పు చేపను దేశవాళీ మార్పుగా చెప్పి అంటగట్టకుండా తనిఖీ కూడా ఉండాలి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మృగశిర రద్దీలో మొదలుపెట్టకపోవడమే మంచిది. ఆ రోజుల్లో ధర ఎక్కువ, చేప గుడ్లతో ఉంటుంది, తొలి వానలకు ఎదురెక్కే తల్లి చేపలను వదిలేస్తే చెరువుకూ మేలు. వానాకాలంలో వదిలిన పిల్లలు వేసవి ముందరికి కూరకు సరిపడా ఎదుగుతాయి. ఊరి చెరువులు పట్టడం మొదలైన ఆ రోజుల్లో కిలో బరువున్న రవ్వ ఒకటి తెచ్చి, పొట్ట ముక్కలు పిల్లలకు, తోక ముక్కలు పెద్దలకు, తలకాయ పప్పులోకి అని పంచుకుంటే ఒక్క చేపతో రెండు పూటల కూర వెళ్లిపోతుంది.