ఒక్కరి బరువు కాదు

కాళ్ళు నేలకు ఆనడం లేదని, మా దూరప్రయాణపు మోటారు సైకిలుకు 13 అంగుళాల వెనుక షాకులు తీయించి 11 అంగుళాలవి వేయించాము. సామాను కట్టి, ఇంటావిడను ఎక్కించుకొని బయలుదేరితే ప్రతి గుంటా ఆమె నడుముకు తగిలింది. మళ్ళీ బండి ఎక్కనన్నది.

షాకు పొట్టిదైతే సాధారణంగా చక్రం పైకీ కిందికీ ఆడే చోటు తగ్గుతుంది. అంత బరువూ ఆ కొద్ది చోటులోనే ఆగాలంటే స్ప్రింగు గట్టిదై ఉండాలి. కనుక కొనేముందు ఇద్దరి బరువూ, సామానూ కలిపి చెప్పండి. అందరూ ఎక్కాక ఆ ఆటలో సుమారు మూడోవంతే దిగాలి. రెండు షాకులూ జతగానే మార్చండి. హెడ్‌లైటు పైకి లేస్తుంది, సైడ్ స్టాండు మీద బండి నిటారవుతుంది; అవీ సరిచేయించండి. మలుపుల్లో మునుపటంత వంచకండి.

మేము మొదట మా ఒక్కరి బరువే చెప్పాము. ఇంటావిడ ఆ మాట ఇంకా మరువలేదు.