బీమా: లోపం అవగాహనలోనేనా?

విపత్తు నిర్వహణపై ప్రశ్న రాగానే ‘బీమాపై ప్రజల్లో అవగాహన పెంచాలి’ అని రాసి చేతులు దులుపుకుంటాం. తప్పంతా ఇల్లు మునిగినవాడిదేనా? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగితే, గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు ప్రభుత్వం ప్రకటించింది రూ.25 వేలు. దాంతో గోడలు బాగుచేయించాలా, ఫ్రిజ్ కొనాలా? 2021 ఏప్రిల్ 1 నుంచి ‘భారత్ గృహ రక్ష’ పాలసీ ఉంది. వరద నష్టానికి వర్తిస్తుంది. ఇంటి విలువకన్నా తక్కువకు బీమా చేశారన్న సాకుతో దామాషాలో కోత పెట్టడానికీ వీల్లేదు. (మన నోట్సుల్లో ఎందరు రాసుకున్నాం?)

అసలు చిక్కు క్లెయిమ్ దగ్గర. సర్వేయర్ వచ్చి చూసేదాకా పాడైనవేవీ పారేయొద్దంటారు. పసిపిల్లలున్న ఇంట్లో బురదపట్టిన పరుపును ఎన్నాళ్లు ఉంచుకోవాలి? పైగా ఆ సర్వేయర్‌ను నియమించేదీ, ఫీజు ఇచ్చేదీ బీమా కంపెనీయే. ఊరే మునిగినప్పుడు ఫొటోలు, మరమ్మతు బిల్లులే రుజువు కావాలి. కాదంటే కంపెనీయే నిరూపించాలి.