లీనియర్ మోడల్ మీద సంతకం పెట్టేముందు

ఎరువు మోతాదు పెంచుతూ పోతే దిగుబడి కొంతవరకు పెరుగుతుంది, ఆ తర్వాత తగ్గుముఖం పడుతుంది. ఆ వంపును పట్టుకోవడానికి సమీకరణంలో మోతాదుతో పాటు మోతాదు వర్గాన్నీ చేరుస్తాం. గ్రాఫు మీద వచ్చేది వంకర గీత. అయినా అది లీనియర్ మోడలే. ఇక్కడ చూడాల్సింది గీత ఆకారాన్ని కాదు, మనం కనుక్కోవలసిన గుణకాలు సమీకరణంలో ఎలా కూర్చున్నాయన్నది. ఒక్కో గుణకం తెలిసిన ఒక్కో రాశిని గుణించి, ఆ లబ్ధాలన్నీ కూడికగా నిలిస్తే చాలు. ఆ రాశి వర్గమైనా, సంవర్గమానమైనా ఇబ్బంది లేదు. గుణకమే ఘాతంలోకి ఎక్కితే మాత్రం లెక్క వేరు, పద్ధతి వేరు.

ఇది తెలియకుండా డిగ్రీలు ఇస్తున్నాం, పుచ్చుకుంటున్నాం. అందువల్ల జరిగే కీడు ఎంతటిదో చూడండి. ఆర్ సాఫ్ట్‌వేర్‌లో లీనియర్ మోడల్ కట్టే ఎల్‌ఎమ్ ఫంక్షన్‌కు ఫార్ములా రాస్తూ, మోతాదు పక్కన టోపీ గుర్తు పెట్టి 2 వేశాం అనుకుందాం. వర్గం చేర్చామనే మన నమ్మకం. కానీ ఫార్ములాలో ఆ గుర్తు పని ఘాతం కట్టడం కాదు, చలరాశుల ఉమ్మడి ప్రభావాలను చేర్చడం. ఒకే చలరాశి ఉన్నచోట మిగిలేది ఆ చలరాశి ఒక్కటే. వర్గం కావాలంటే దాన్ని పెద్ద ఐ అక్షరం పక్కన బ్రాకెట్లలో రాయాలి. రాయకపోతే సాఫ్ట్‌వేర్ తప్పు చూపదు, హెచ్చరించదు. వంపు మాయమై తిన్నని గీత వస్తుంది. ఎరువు ఎంత వేస్తే అంత పంట అని ఆ గీత చెబుతుంది. దాన్ని నమ్మి సలహా ఇస్తే అప్పు చేసి బస్తాలు కొనేది రైతు.

స్థిరపదం సంగతీ అంతే. దాన్ని తీసేస్తే, మోడల్ డేటాకు ఎంత సరిపోయిందో చెప్పే ఆర్-స్క్వేర్ తరచు ఒక్కసారిగా ఎగబాకుతుంది. మోడల్ మెరుగుపడి కాదు. అప్పటిదాకా సగటుతో పోల్చిన సాఫ్ట్‌వేర్ ఇప్పుడు సున్నాతో పోలుస్తోంది, అంతే. ఆ అంకెను సిద్ధాంత గ్రంథంలో గొప్పగా చూపడం, తెలిసి చేస్తే మోసం. తెలియక చేసినా చదివేవాడికి జరిగే నష్టం తగ్గదు.

అంకెలను మాత్రమే నమ్మితే ఏమవుతుందో చూపడానికి 1973లోనే గణాంకవేత్త ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ పదకొండేసి బిందువులతో నాలుగు పట్టికలు అచ్చువేశాడు. నాలుగింటికీ దాదాపు ఒకటే సరళరేఖ, ఒకటే సహసంబంధం. గీసి చూస్తే నాలుగూ నాలుగు రకాలు, వాటిలో ఒకటి స్పష్టమైన వంపు. యాభై ఏళ్లు దాటినా బొమ్మ గీయకుండా పట్టిక అతికించే అలవాటు మనల్ని వదల్లేదు.

విశాఖలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదువుకున్న గణాంకవేత్త సి.ఆర్. రావు 1965లో లీనియర్ గణాంక అనుమితి మీద రాసిన గ్రంథాన్ని ప్రపంచమంతా చదివింది. ఆయన పేరు చెప్పి గర్వపడే మనం ఆయన విషయాన్ని మాత్రం మీట నొక్కే పనికి కుదిస్తున్నాం. ఇది విద్యార్థుల తప్పు కాదు. గైడ్లం, పరీక్షకులం, పత్రికల సమీక్షకులం కలిసి ఊరుకున్నందుకే ఇలా సాగుతోంది.

వచ్చే వైవా నుంచే మొదలుపెడదాం. కంప్యూటరు మూసి, సమీకరణాన్ని బోర్డు మీద పూర్తిగా రాయమని అభ్యర్థిని అడుగుదాం. గుణకాలేవో, అవి ఎక్కడున్నాయో, స్థిరపదం ఎందుకు ఉందో, ఎందుకు లేదో చెప్పమందాం. చెప్పలేకపోతే సంతకం ఆపి, పక్కన కూర్చోబెట్టుకుని నేర్పుదాం.